పడవ కనిపిస్తోందా?

యానాం చుట్టుపక్కల గోదావరి లంకల పడవలకీ, నేను నడిపే కాకినాడ బస్సుకీ వేళలు కుదర్చడానికి వచ్చిన ఆఫీసరు ఆవిడ. అంతకుముందు ఆ పని ఎవరివల్లా కాలేదు. లంక గట్టు మీద ఎవరు తువ్వాలు ఊపినా మా పడవవాళ్లు వెనక్కి తిప్పి మరీ ఎక్కించుకుంటారు. వాళ్లు రేవుకి చేరేసరికి నేను వెళ్లిపోయేవాణ్ణి.

ఆ అలవాటు మాన్పిస్తారనుకున్నాను. ఆవిడ దాని జోలికే పోలేదు. పొద్దున్నే రేవులో నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని గోదావరికేసి చూసేవారు. "పడవ కనిపిస్తోందాండీ? అయితే ఆగుదాం" అనేవారు. నాకు ఒళ్లు మండేది. కానీ రానురాను ఆవిడ రాని రోజున కూడా నా చెయ్యి కళ్ల మీదికి పోయేది.

బదిలీ అయిన రోజు ఆవిడ సామానుతో నా బస్సే ఎక్కారు. కాకినాడలో రైలు పట్టుకోవాలి. బండి తీయబోతుంటే దూరంగా పడవ.

"ఆగితే మీ రైలు అందదండి మేడమ్ గారూ" అన్నాను.

"కనిపిస్తోంది కదండీ" అన్నారు.

ఆ పడవ దిగిన ఒక ముసలమ్మ బెండకాయల బుట్టతో వచ్చి మేడమ్ గారి పక్కన కూర్చుంది. "ఈ దారికి కొత్తా అమ్మా? కంగారు పడకు. ఈ బస్సు మాకోసం ఎప్పుడూ ఆగుద్ది" అంది.

మేడమ్ గారు ఆ బుట్ట అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు.