మామ ఆంపు గొంతు

నా గిటారు ఆరు తీగల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా కోతలు వినీ వినీ చెవులు గట్టిపడిన మన ఈడు వాళ్లు ఎలాగూ నమ్మరు కనుక ప్రమాణం ముందే చేసేస్తున్నాను.

పోయిన నెల బౌరంపేట్ ఫ్లాటుకు మారడానికి సామాను సర్దుతుంటే, మంచం కింద నుంచి కాలం చేసిన మా మేనమామ ఆంపు బయటపడింది. గిటారు శబ్దాన్ని పెద్దది చేసే ఆ పెట్టె చిన్న దూడంత బరువు. చూడగానే మా ఇంటామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గీ డబ్బను ఫ్లాట్ల యాడ వెడ్తరు? నా నెత్తి మీదనా? పాత ఇనుపసామానోనికి ఇచ్చెయ్యుండ్రి."

మామ మేడ్చల్‌లో లారీలు బాగుచేసేవాడు, ఆదివారాలు మా అలియాబాద్ చర్చిలో గిటారు వాయించేవాడు. సికింద్రాబాద్‌లో ఎత్తేసిన ఒక ఆర్కెస్ట్రా దగ్గర ఆ ఆంపు కొని స్కూటరు మీద తెస్తుంటే, వెనక కూర్చుని దాన్ని కౌగిలించుకున్న నాకు అలియాబాద్ వచ్చేసరికి చేతులు విప్పుకోవడమే రాలేదు. లోపలి గాజు బుడ్లు ఎర్రగా వేడెక్కితే గానీ అది నోరు విప్పేది కాదు. అందుకే ప్రసంగం మొదలవగానే స్విచ్ వేసేవాడు, పాస్టరుగారు త్వరగా ముగిస్తే ఊరంతా సంతోషించేది, మామ ఒక్కడే దిగులు పడేవాడు. కాలి కింద ఇనుప పెడళ్లు ఉండేవి, ఒకటి తొక్కితే గిటారు గర్జించేది, ఇంకొకటి తొక్కితే లోయలో అరిచినట్టు మోగేది, అసలు పాట మధ్యలో వాటి బ్యాటరీ చచ్చేది. లోపల వైరేదో వదులై, వీపు మీద ఒక్క చరుపు చరిస్తేనే ఆంపు పలికేది. చర్చివాళ్లు ఆ చరుపును పాటకు ఎత్తుగడ అనుకుని, తామూ ఒక చప్పట కొట్టి అందుకునేవారు. ఒకసారి మామ వైరు బాగుచేసి చరవకుండా వాయిస్తే, చర్చి మొత్తం నోరు మూసుకుని కూర్చుంది. ముందు వరసలోని ఒక అవ్వ, "కొట్టకుంటె మేం ఎట్ల ఎత్తుకోవాలె కొడుకా?" అని నిలదీసింది. అప్పటి నుంచి ఏ రోగమూ లేని ఆంపు కూడా ప్రతి ఆదివారం దెబ్బ తింది. ఆ మోతకు శామీర్‌పేట జింకల పార్కులోని జింకలు కంచె దాకా వచ్చి వరసగా నిలబడేవి.

ఇప్పుడు మా బిడ్డ గిటారు వైరును లాప్‌టాప్‌కు తగిలిస్తుంది. లోకంలోని ఆంపులూ పెడళ్లూ అన్నీ అందులోనే, బరువు లేదు, బ్యాటరీ గోల లేదు. అంతటితో ఆగక, ఆదివారం పొద్దంతా కూర్చుని మామ ఆంపు పలుకును కూడా రికార్డు చేసి ఆ లాప్‌టాప్‌కు నేర్పింది. ఆ తరువాత తల్లితో పందెం వేసింది. రెండుసార్లు వాయిస్తుంది, ఏది ఆంపో నేను చెప్పగలిగితే అది బౌరంపేట్ వస్తుంది, లేకుంటే ఇనుపసామాను బండెక్కుతుంది.

నా కళ్లకు తువ్వాలు కట్టారు. మొదటిది కడిగిన కంచంలా శుభ్రంగా ఉంది. రెండోదానిలో మామ బీడీ దగ్గు వినిపించింది. రెండోదే అన్నాను.

"కరెక్ట్ నాయినా!" అంది బిడ్డ.

"తండ్రీబిడ్డలు ఒక్కటైన్రు, ఇగ నేనేం జేస్త," అని మా ఇంటామె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆంపు ఇప్పుడు ఫ్లాటు హాల్లో దర్జాగా కూర్చుంది. బిడ్డ మాత్రం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తుంది, పక్కన కూర్చున్న నాకు వేళ్లు కదలడమే కనిపిస్తుంది. అప్పట్లో చర్చికి రానివాళ్లకు కూడా పాట వినక తప్పేది కాదు.

ఇక ఒట్టు సంగతి. జింకలు నిజమే, అనుమానముంటే వాటినే అడగండి. నేను కల్పించింది ఒక్కటే, గుర్తుపట్టానన్నది. నాకు ఆవగింజంత తేడా తెలియలేదు, ఏదో ఒకటి అనాలి గనుక రెండోది అన్నాను. తువ్వాలు విప్పేసరికి ఆంపు కరెంటు వైరు చుట్టిన చుట్ట చుట్టినట్టే దాని మీద ఉంది. రెండుసార్లూ పలికింది లాప్‌టాపే. ఆంపు లేకున్నా మామ పలుకు నిలిచిపోతుందని సంతోషించాలో, ఇక ఆంపుతో పని లేదని బాధపడాలో తేలలేదు. బిడ్డ నా వైపు చూడకుండా, వంటింట్లోంచి తల్లి వచ్చేలోపే, ఆ వైరు విప్పి గోడ ప్లగ్గులో పెట్టింది.