అమ్మకు నచ్చని ‘నువ్వు’

డెబ్బైల్లో మస్కట్‌లో పెరిగిన నేస్తాలూ, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి దారంతో కుట్టుకున్న నవలలు గుర్తున్నాయా? ఇవాళ అమ్మ పెట్టె తెరిస్తే అలాంటిదొకటి దొరికింది. ఇంకా ఆ ఊరి సాంబ్రాణి వాసన వేస్తోంది.

మాది కాకినాడ. నాన్న కంపెనీలో డ్రైవర్ మల్లయ్యది కరీంనగర్. మస్కట్‌లో మా ఇంటికి నీళ్ల డబ్బాలు తెచ్చిన మొదటిరోజే, “అక్కా, నువ్వు జర పక్కకు జరుగు” అన్నాడు.

“ఎంత పొగరండీ. ‘మీరు’ అనడం కూడా రాదు” అని నాన్న దగ్గర అమ్మ రుసరుసలాడింది.

మధ్యాహ్నాలు అమ్మ ఆ నవల నాకు చదివి వినిపించేది. తొలి పరిచయంలో కథానాయికకు కథానాయకుడు ఒట్టి పొగరుబోతనిపిస్తాడు. డబ్బాలు దించుతూ వింటున్న మల్లయ్య ఓరోజు గుమ్మంలో ఆగిపోయాడు.

“ఆయన మంచోడే ఉంటడక్కా. మాట మోటుగుంటే మనసు మోటుగుంటదా? మా అవ్వను, కన్నతల్లిని గూడ నేను నువ్వనే అంట.”

అమ్మ పుస్తకం మూసి, అతనికి టీ పెట్టింది.

కొన్నాళ్లకు, ఎవరు నేర్పారో ఏమో, మల్లయ్య వస్తూనే “మీరు బాగున్నారా అమ్మగారూ?” అన్నాడు.

అమ్మ ముఖం చిన్నబోయింది.

“ఏం మల్లయ్యా, నామీద కోపమొచ్చిందా?”