డెబ్భై అయిదు హెర్ట్జ్‌ల అల్లుడు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చనిపోరు. కానీ ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదు దాకా, నర్సీపట్నంలో మా మావగారి ఫొటో స్టూడియోలో నేను మాత్రం కనీసం నాలుగుసార్లు పోయి వచ్చాను. ఇప్పటికీ ఏ స్క్రీనయినా ఒక్క క్షణం నల్లబడితే నా అరచేతులు తడిసిపోతాయి.

అప్పటికి నా పెళ్లయి నెల. పాయకరావుపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతాను. చెప్పడమంటే ఏముంది, ఆన్ చేయడం, బొమ్మ గీయించడం, ఆఫ్ చేయడం. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి ‘కంప్యూటర్ సారు’ అన్నాడు. ఆ మాట నర్సీపట్నం చేరేసరికి ‘దేశంలో కంప్యూటర్లన్నీ ఈయన చెప్పినట్టు వింటాయి’ అయి కూర్చుంది. నేను ఖండించలేదు. కాబోయే మావగారు మురిసిపోతుంటే ఖండించే మగాడు ఉంటే చూపించండి, దండం పెడతాను.

అత్తారింట్లో ముందు గది స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో ఓ పూల కర్టెన్. ఆ కర్టెన్ గురించి చెప్పాలి. ఆ ఇంట్లో అత్తగారు కొత్త అల్లుడి ఎదట పడరు, నేరుగా మాట్లాడరు. నేను రెండు గజాల దూరంలో ఉన్నా, “రమ్యా, ఆయనకి మజ్జిగ కావాలేమో అడుగు” అంటారు. నేను అంతా విని, “రమ్యా, వద్దన్నానని చెప్పు” అంటాను. మా ఆవిడ రమ్య ఇద్దరి మధ్యా నిలబడి నవ్వాపుకుంటుంది. మర్యాద అంటే మర్యాదే మరి.

ఆ సాయంత్రం ఏడింటికి రోలుగుంటలో ఓ జీడిపప్పు వ్యాపారి కూతురి రిసెప్షన్. మావగారు అప్పలనాయుడుగారు తీసి, నెల్లాళ్లు కూర్చుని మిక్సింగ్ చేసిన పెళ్లి వీడియోని అక్కడ పెద్ద స్క్రీన్ మీద వేస్తారు. వీడియో తయారయింది. ఇంకా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు, స్టూడియో కంప్యూటర్లోనే ఉంది. “నాలుక్కి ఎక్కించి అయిదుకి బయల్దేరతాను” అని మావగారు భోంచేసి నడుం వాల్చారు.

ఆ సందులో మా బావమరిది సంతోష్ అదే కంప్యూటర్లో కారు పందెం ఆడుతున్నాడు.

“బావా, ఓపాలి సూడండి. కారు తిప్పితే బొమ్మ నడుంకాడికి తెగిపోతంది.”

నిజమే. కారు పైసగం ఒక పక్కకి, కిందిసగం ఇంకో పక్కకి పోతోంది. కారణం చిన్నది. గ్రాఫిక్స్ కార్డు సెకనుకి నూరు బొమ్మలు పంపుతోంది, మానిటర్ అరవయ్యే చూపించగలదు, ఆ లెక్కనే హెర్ట్జ్ అంటారు. విస్తట్లో గారె అవకుండానే ఇంకో గారె వేస్తే రెండూ కలిసిపోతాయి కదా, అంతే. మందు కూడా చిన్నదే. సింక్ ఆన్ చేసి, బొమ్మల లెక్క అరవైకి కట్టేస్తే సరి. రెండు నిమిషాల పని.

ఆ పని చేసి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

“అరవై ఏమిటోయ్, ముసలాళ్ల స్పీడు! మానిటర్నే డెబ్భై అయిదుకి లేపేస్తాను చూడు” అన్నాను.

“లేగుద్దా బావా?”

“మనం చెబితే లేస్తుంది.”

మానిటర్ ఎంత మోయగలదో దాని వెనక అంటించిన కాగితం మీద రాసే ఉంది. చూడలేదు. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, కొత్త అల్లుడి చేతిలో మౌస్ అంతకన్నా ప్రమాదం. సెట్టింగుల జాబితాలో డెబ్భై అయిదు లేకపోతే నేనే ఖాళీ గడిలో అంకె రాసి మరీ నొక్కాను.

స్క్రీన్ నల్లబడింది.

“పోయిందేటి బావా?”

“పోలేదు, ఆలోచిస్తోంది” అన్నాను. మూడు సెకన్లు ఆగానేమో, నాలుగోది ఆగలేకపోయాను. మానిటర్ కింది అంచున నాలుగైదు బొత్తాలుంటాయి, పేరూ ఊరూ లేనివి. వాటన్నిటినీ హార్మోనియం వాయించినట్టు వాయించేశాను. ఏదో మెరిసింది, ఏదో మాయమైంది. చివరికి ఓ మూల ‘నో సిగ్నల్’ అని రెండు ముక్కలు కనపడి, అవీ ఆరిపోయాయి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. తెగిన బొమ్మ కుట్టబోతే మొత్తం బొమ్మే పోయింది.

ఆపి మళ్లీ వేశాను. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ లేదు. ఇంకోసారి. లేదు. మూడోసారి వేస్తుంటే సంతోష్ మెల్లిగా అడిగాడు.

“బావా, నాన్న పెళ్లి వీడియో ఇందులోనే ఉంది కదా?”

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

కర్టెన్ కదిలింది. “రమ్యా, ఆయన్ని ఓపాలి ఆ టీవీ కిందన...” అని అత్తగారి గొంతు.

“రమ్యా, అత్తయ్యగారిని కంగారు పడొద్దని చెప్పు. ఇది డ్రైవర్ సమస్య” అన్నాను.

కర్టెన్ వెనక అత్తగారు, “డ్రైవరెవరే? కారు ఇంకా రానేదు కదా?” అని రమ్యని అడగడం వినబడింది. నవ్వే ఓపిక నాకెక్కడిది?

నాలుక్కి మావగారు వచ్చారు. అరిస్తే బాగుండును. “ఏం చేశావురా వెధవా” అంటే కాళ్ల మీద పడిపోదును. ఆయన నల్లటి స్క్రీన్ని చూసి, నన్ను చూసి, కుర్చీ నా వెనక్కి జరిపి, “కూకోండి బాబూ. మీరు సేస్తన్నారంటే ఏదో కారణం ఉంటాది” అన్నారు. ఆ నమ్మకాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నాలుగున్నరకి ఫోను. రోలుగుంట నుంచి పెళ్లికూతురి తండ్రి. స్పీకర్లో గది మొత్తం వినబడుతోంది.

“నాయుడుగారూ, స్క్రీన్ కట్టించేసేం. బేగి వచ్చేయండి. మా సుట్టాలంతా దానికోసమే కాసుక్కూకున్నారు.”

“వచ్చేస్తన్నామండి. మా అల్లుడుగారు దగ్గరుండి సూస్తన్నారు.”

అలా నా పరువు రోలుగుంట దాకా ప్రయాణం కట్టింది. ఊళ్లో కొత్త కొత్త స్టూడియోలు వచ్చాయి. మావగారికి పని దొరుకుతోందంటే ‘నాయుడుగారు మాట తప్పరు’ అన్న ఒక్క పేరు మీదే. ఈ పూట ఆ పేరు పోతే మళ్లీ రాదు. పోగొట్టింది నేను. ఆయన నన్ను ఒక్కమాట కూడా అనరు. జీవితాంతం ఆ అననిమాటతో ఆయన ఎదట కూర్చుని అన్నం తినాలి. ఆ భయం ముందు మిగతా భయాలన్నీ దిగదుడుపే.

వీడియో చెరిగిపోయి ఉంటుందా? మూడుసార్లు ఆపాను కదా, డిస్కు పోయి ఉంటుందా? “బావా, ఏటి సేద్దాం?” అని సంతోష్ చెవిలో గొణుగుతున్నాడు. “బావా” అని పిలిచినప్పుడల్లా వాడి నోరు నొక్కాలనిపించింది.

“రమ్యా” అని మళ్లీ కర్టెన్. “ఆయన్ని...”

“రమ్యా, ఒక్క నిమిషం!” అని కసిరాను. భయపడిన మగాడికి ఉన్న ఒకే ఒక్క ధైర్యం అది.

అయిదయింది. మావగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని ఫోను అందుకున్నారు. “రోలుగుంటవోళ్లకి సెప్పేద్దాం బాబూ. ఆళ్లు ఇంకో దారి సూసుకుంటారు” అన్నారు. ఒక్కో అంకే చూసి చూసి నొక్కుతున్నారు. ‘మావయ్యగారూ, నాకేమీ రాదండీ’ అందామని నోరు తెరిచాను.

కర్టెన్ పూర్తిగా పక్కకి జరిగింది.

అత్తగారు తలమీద కొంగుతో, చేతిలో దుమ్ముగుడ్డతో బయటికొచ్చారు. పెళ్లయ్యాక ఆవిడ ముఖం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నావైపు చూడలేదు. బల్ల తుడిచారు. మానిటర్ పైన తుడిచారు. కింది అంచు దగ్గర గుడ్డ ఆగి, ఒకసారి, రెండోసారి నొక్కింది.

బొమ్మ వచ్చేసింది! పెళ్లివీడియో ఫైలు నిండు ముత్తయిదువులా మధ్యలో కూర్చుని ఉంది.

అత్తగారు గుడ్డ మడుచుకుంటూ గోడకి చెప్పారు.

“అల్లుడుగారు బాగుసేసేరు. ఇంక బేగి ఎల్లండి.”

మావగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. “నేను ముందే అన్నాను కదా బాబూ!” అంటుంటే ఆయన కళ్లలో నీళ్లు. అయిదున్నరకి పెన్‌డ్రైవ్‌తో కారెక్కారు.

కారు వెళ్లాక కర్టెన్ వెనక రమ్యకి చెబుతున్న మాటలు విన్నాను. “రోజూ తుడిసేటప్పుడు ఆ బొత్తాం నొక్కుకుపోయి బొమ్మ పోతానే ఉంటాది. రెండుసార్లు నొక్కితే వచ్చేత్తాది. నాకు రెండున్నరకే తెలుసు. కొత్త అల్లుడు కదా, తప్పు సెప్పినట్టు ఉంటాదని ఊరుకున్నాను.”

అసలు సంగతి అప్పుడు తెలిసింది. మోయలేని అంకె ఇస్తే కంప్యూటర్ పదిహేను సెకన్లు చూసి, మనం ఏమీ అనకపోతే పాత అంకెకే వెళ్లిపోతుంది. ఆ వేళా పాపం బుద్ధిగా వెళ్లిపోయింది. నేను బొత్తాలు వాయించి మానిటర్‌ని కంప్యూటర్ తగిలించని వేరే కేబుల్ వైపు తిప్పేశాను. రెండున్నర గంటలు కంప్యూటర్ నిక్షేపంలా ఉంది. చేతులు కట్టుకుని కూర్చుంటే చాలిన పనికి నేను ఓ ఇంటి పరువుని వేలాడదీశాను.

రిసెప్షన్లో మావగారు ఊరుకోలేదు. కనపడ్డవాళ్లందరికీ అల్లుడి గొప్ప చెప్పారు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి స్టూడియో ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో మిక్సీ, ఒకరి చేతిలో టేబుల్ ఫ్యాను.

“కంప్యూటర్ అల్లుడుగారున్నారాండీ? ఓపాలి సెయ్యేత్తారేమోనని.”

మిక్సీ నా ముందు పెట్టారు. నేను చేతులు కట్టుకుని, మనసులో పదిహేను లెక్కపెట్టాను. కర్టెన్ వెనక గొంతు సవరించుకోవడం వినబడింది.

“రమ్యా, జారు సరిగా కూకోనేదు. కుడేపుకి తిప్పమను.”

తిప్పాను. మిక్సీ గర్రుమంది. నలుగురూ నాకు నమస్కారం పెట్టారు.

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా, కట్టిన చేతులు విప్పకుండా ప్రమాణం చేస్తున్నాను. నా వెనక ఓ కర్టెన్, ఆ కర్టెన్ వెనక మా అత్తగారు లేకుండా ఈ జన్మలో ఏ యంత్రాన్నీ బాగుచేయను.