కానీ తర్వాతి మాట

నిన్న సాయంత్రం మా మనవరాలు తెలుగు పుస్తకం పట్టుకొచ్చి, ఖాళీలో ‘కానీ’ రాయాలా ‘అందుకే’ రాయాలా అని అడిగింది. జవాబు చెప్పి పంపేశాను గానీ, ఆ చిన్న మాట దగ్గరే నా మనసు చాలాసేపు ఆగిపోయింది.

సుబేదారిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరిన రోజులవి. మగ్గం నేసే ఒక పెద్దమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆమెకు చదువు రాదు కనుక ఉత్తరాలు నేనే రాసిపెట్టేదాన్ని. ఆ ఏడాది ఆమె భర్త పోయాడు. పాలకుర్తిలో ఉన్న సొంత చెల్లెలు దినాలకు కూడా రాలేదు. మూడు నెలలు ఆ బాధను లోపలే దాచుకుని, చివరికి ఒక ఆదివారం నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, తెగిన పోగులు అతుకుతూనే కార్డు రాయమంది.

“నువ్వు రాలేదు గని నాకు కోపం లేదని రాయి బిడ్డా.”

ఆఫీసు కాగితాలతో కొత్తగా అబ్బిన గర్వం నాది. ఆమె మాటను చక్కదిద్దుతున్నాననుకుని, ‘నాకు కోపం లేదు, కానీ నువ్వు రాలేదు’ అని రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

నెల దాటినా జవాబు లేదు. తర్వాత ఒకనాడు చెల్లెలి భర్త ఆ కార్డు జేబులో పెట్టుకుని వచ్చాడు. దినాలప్పుడు తన భార్య కామెర్లతో మంచం మీద ఉందని, ఈ కార్డు చదివించుకున్నప్పటి నుంచి సరిగా అన్నం కూడా తినడం లేదని చెప్పాడు.

“రాలేదని ఎత్తిపొడిస్తివి గద వదినా, ఇగ ఏం మొఖం పెట్టుకొని వస్తది?”

పెద్దమ్మ కార్డు నా చేతికిచ్చి చదవమంది. చదువుతుంటేనే నా తప్పు నాకు తెలిసిపోయింది. మాట తిరగేసింది నేనేనని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా చేతిలోంచి కార్డు తీసుకుని, “మాటలన్నీ నావే బిడ్డా. గని కోపం లేదన్న మాట ఆఖరుకుండాలె. గదే దాని చెవుల నిలుస్తది” అంది.

అప్పటికప్పుడు ఇంకో కార్డు రాశాను. దాన్ని రెండుసార్లు చదివించుకుని మరిది చేతికిచ్చి పంపింది. నాలుగో రోజు చెల్లెలు వచ్చింది, చిక్కి సగమై. నేను చాయ్ కాస్తుంటే అక్కాచెల్లెళ్ల ఏడుపు, ఆ తర్వాత మెల్లగా మాటలు వినబడ్డాయి. అందుకే రాలేకపోయానని ఒకరు, అయినా కబురు పంపాలి కదా అని మరొకరు.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. మన తరంవాళ్లం కూడా ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపడం నేర్చుకున్నాం, ముక్కకీ ముక్కకీ మధ్య ‘కానీ’, ‘అందుకే’ లాంటి ఏ మాటా లేకుండానే. మనం పంపినవి ఎవరో ఒకరిని నొప్పించే ఉంటాయి. వాటిని పట్టుకుని బస్సెక్కి ఇంత దూరం వచ్చి, ఇట్లా ఎందుకు రాశావని అడిగేవాళ్లు మాత్రం రావడం లేదు.