రేగ్మాల్ రుద్దిన తుపాకి

సారు పోయిండని అమ్మ, అంటె సారు భార్య, పొద్దుగాల ఫోన్ చేస్తే నేను నవ్విన. నిజంగనే నవ్విన. అంతకుముందు నెలనే నేను గొంతు మార్చి, "ఆఫీసుకెల్లి మాట్లాడుతున్నం, మీ పెన్షన్ ఆగిపోయింది" అని సారును ఆగం చేసిన. "ఉండప్పా, నా వంతూ వస్తుంది" అన్నడు. ఆ వంతు వచ్చిందనుకున్న. "మస్తు ఏడుస్తున్నవమ్మా, ఇగ సారుకియ్యి ఫోను" అన్న. అమ్మ ఇంకింత ఏడ్సింది. గప్పుడు సమజైంది నాకు.

సారు యాదిల ఈడ కూడిన మీరందరు క్యాంపస్‌ల సారు దగ్గర చరిత్ర చదువుకున్నోళ్లు. నేను ఏడో తరగతిల బడి ఎగ్గొట్టి, తార్నాకల తాళంచెవులు చేసుకుంట బతుకుతున్నోణ్ణి. సారు నెలకోసారన్న తాళంచెవి పోగొట్టుకునేటోడు. నేను ముందుగాల వేరేది చేతిల పెట్టి, "సార్, దీంతోని వీసీ బంగ్లా తెరుసుకుంటది" అనేటోణ్ణి. సారు నిజంగనే ఆలోచించి, "ఆయప్ప ఇంట్లో నాకేం పనిలే" అని వాపస్ ఇచ్చేటోడు. సారుది సీమ. ముప్ఫై ఏండ్లు ఈడ ఉన్నా ఆ 'అప్పా' పోలే.

అంగీ జేబుల ఎప్పుడూ ఒక మొద్దు పెన్సిలు. యాడ పాత రాయి కనవడ్డా దాని మీద కాయితం పెట్టి, పెన్సిలుతోని రుద్ది, రాతల అచ్చు తీసుకునేటోడు.

ఈ ఏడు మాణికేశ్వర్ నగర్ల మా ఇల్లు రిపేరు చేయిస్తుంటె, సజ్జ మీద గోనెసంచిల భర్మార్ తుపాకి దొరికింది. మూతికెల్లి మందు దంచి నింపే రకం. మా తాతది. లైసెన్సు లేదు, ఒక్క కాయితం లేదు. చాటుగ కొంటనని ఒకడు అప్పుడే దిగిండు. నేను సారుకాడికి ఉరికిన.

"చాటుగా అమ్మితే నీ మెడకే చుట్టుకుంటుందప్పా. స్టేషన్లో చెప్పి అప్పజెప్పు. పాతది, ఇంక పేలనిది అని తేలితే మ్యూజియానికో, లైసెన్సు ఉన్న డీలరుకో దర్జాగా అమ్ముకోవచ్చు. తేలకపోతే మటుకు దొంగ తుపాకి కింద లెక్క."

సారు మా ఇంటికొచ్చి సూసిండు. గొట్టం మీద సన్నటి ఇంగ్లీషు అచ్చరాలు, పక్కన సింహం బొమ్మ ఉన్నయ్. సారు కాయితం పెట్టి అచ్చు తీసుకున్నడు. "ఈ ముద్రే దీని వయసు చెప్తుంది. దీన్ని ముట్టుకోవద్దు. తుప్పు కూడా దాని వయసే" అన్నడు. గేటు దాక పోయి మల్ల తిరిగొచ్చి అదే మాట చెప్పిండు.

నేను ఇన్ననా? పాత బండి అమ్మేటప్పుడు పాలిష్ కొట్టమా, గట్లనే అనుకున్న. ఆదివారం కూసొని చింతపండు పెట్టి, రేగ్మాల్, అదే గరుకు కాయితంతోని తళతళ మెరిసేదాక రుద్దిన. సారు మల్ల వచ్చినంక "సూడు సార్, కొత్త పెండ్లికొడుకు!" అన్న. సారు గొట్టం పొడుగునా బొటనవేలు జరిపిండు. అచ్చరాలు లేవు. సింహం లేదు. స్టూలు మీద కూలబడ్డడు.

"ఇన్నేండ్లు నిలిచినదాన్ని ఒక్క పూటలో తుడిచేస్తివి కదప్పా."

తిట్టలే. తిడితె బాగుండు.

ఇద్దరం పోయి స్టేషన్ల అప్పజెప్పినం. ఆఫీసరు సూసి, "ఏంది, గింత కొత్తగున్నది? పాతదని రుజువు సోమవారం తే. లేకుంటె కేసు రాస్త" అన్నడు. "అచ్చు కాయితం నా దగ్గర ఉంది, నేనే తోడొస్తా" అన్నడు సారు. శుక్రవారం పోయిండు.

సావు ఇంట్ల ఏమని అడగాలె? అందరు దండలేస్తుంటె నా కండ్లు అల్మారి మీదనే. జైలు భయం నన్ను సక్కగ ఏడ్వనియ్యలే. ఆదివారం అమ్మనే అడిగింది, "ఏం ఎతుకుతాండావు నాయనా?" అని. చెప్పిన. ఇద్దరం కూసొని చుట్టలు చుట్టిన కాయితాలన్ని ఇప్పినం. అన్ని రాళ్ల రాతలే, తుపాకిది లేదు.

సోమవారం పొద్దుగాల స్టేషన్‌కు పోయేముందు అమ్మకు చెప్పి పోదామని సారు ఇంటికి పోయిన. చెప్పులేసుకుంటుంటె కనవడ్డది. తలుపు గొళ్లానికి సారు గొడుగు, దాని ఎనక ప్లాస్టిక్ కవరు. మూడు దినాలు దాన్ని భుజంతోని రాసుకుంటనే తిరిగిన. సారు ముందే తయారుజేసి పెట్టుకున్నడు. లోపట సింహంతో సహా అచ్చు, సంతకం పెట్టిన ఉత్తరం.

"నేను మొదట చూసినప్పుడు ఈ అక్షరాలు తుపాకి మీద ఉన్నాయి. దాన్ని శుభ్రం చేయకూడదని నేను ఇతనికి చెప్పలేదు. తప్పు నాది."

ఆఫీసరు రెండుసార్లు సదివిండు. "ఈ సారు ఏడి?"

"రాడు సార్. పోయిండు."

ఉత్తరంల ఒక లైను మీద ఏలు పెట్టిండు. "అయితే ఆయన నీకు చెప్పనే లేదంటవ్?"

అవునంటె అయిపోయేది. జిందగీల నేను ఎన్ని అబద్ధాలాడిన! గీ ఒక్కటి ఆడలేకపోయిన. "చెప్పిండు సార్. రెండుసార్లు చెప్పిండు. నేనే ఇనలే."

ఆఫీసరు నా మొకం సూసిండు. అచ్చు కాయితం ఫైల్ల పెట్టి, ఉత్తరం నా దిక్కు జరిపిండు. "తెలిసినోళ్లు సూసి చెప్తరు. గప్పటిదాక నిన్ను వదిలినట్టు కాదు. ఇది నువ్వే ఉంచుకో."

జవాబు ఇంకా రాలే. ఏమైతదో తెల్వది. ఫోన్ మోగినప్పుడల్ల స్టేషన్‌కెల్లేనేమో అని సూస్త. అడుగుదామంటె సారు లేడు.

ఉత్తరం దుకాణంల తాళంచెవుల పక్కన పెట్టిన. దాని మూలకు సారు బొటనవేలి పెన్సిల్ మరక ఉన్నది. రోజు పొద్దుగాల దుమ్ము తుడుస్తుంటె, గుడ్డ ఆ మరక దాక పోయి ఆగుతది.