మూడో సెట్‌కి వెళ్లినవన్నీ

ఆ రోజు మ్యాచ్‌లో మూడో సెట్ మొదలయ్యాక నాకు బంతి రెండుగా కనిపించింది. ఒకదాన్ని కొట్టబోతే రాకెట్‌కి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. ఎండ దెబ్బ అనుకున్నాను. ఓడిపోయి మా ఊరు రాజమండ్రి వచ్చేశాను.

తర్వాత ఓటములు ఎక్కువయ్యాయి. పొద్దున బాగానే ఉండేది. గంట ఆడేసరికి చెయ్యి బరువెక్కి, కుడి కనురెప్ప వాలిపోయేది.

"నీకు ఆట మీద మనసు లేదమ్మా," అన్నారు కోచ్ గారు. నేనూ నమ్మి ఇంకా ఎక్కువ ప్రాక్టీసు చేశాను.

ఒకరోజు అన్నం నమల్లేక దవడని చేత్తో పట్టుకున్నాను. మా అక్క అది చూసి, "లే, హాస్పిటల్‌కి వెళ్దాం," అంది.

ఎప్పట్నుంచి ఇలా ఉందని న్యూరాలజిస్ట్ గారు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. అక్క ఫోన్లో నా కెరీర్ రికార్డు తీసి ఆయనకిచ్చింది. గెలిచినవీ ఓడినవీ స్కోర్లతో సహా అందులో ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశారు.

"రెండు సెట్లలో అయిపోయిన మ్యాచ్‌లు గెలుస్తున్నారు. మూడో సెట్‌కి వెళ్లినవన్నీ ఓడిపోతున్నారు. దాదాపు రెండేళ్లుగా ఇంతేనండి. మీరు గమనించలేదా?"

లేదు. ఎన్ని ఓడానన్నదే చూసుకున్నాను.

అప్పటికి వాలి ఉన్న కుడి రెప్ప మీద ఐస్ పెట్టించారు. రెండు నిమిషాల్లో రెప్ప పైకి లేచింది. నేను సంబరపడ్డాను, ఆయన మాత్రం నవ్వలేదు; చల్లదనానికి రెప్ప లేవడమే జబ్బుకి గుర్తని నాకు తర్వాత తెలిసింది. యాంటీబాడీ టెస్ట్, సీటీ స్కాన్ అయ్యాక చెప్పారు: "మయస్తీనియా గ్రావిస్ అండి. కండరం వాడేకొద్దీ బలం తగ్గిపోతుంది. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కూడా పెరిగింది, తీసేయాలి."

"మళ్లీ ఆడతానా అండి?"

"ఊపిరి తీసుకునేవి కూడా కండరాలేనండి. ముందు వాటిని కాపాడుకుందాం."

ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒకసారి జ్వరమొస్తే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకున్నాను. మర్నాడు మాట ముక్కులోంచి వచ్చింది. మధ్యాహ్నానికి పడుకుంటే ఊపిరి అందలేదు. ఐసీయూలో ఎవరో "క్రైసిస్" అనడం వినిపించింది. ఊపిరి కండరాలు పని మానేయడమట అది; నేను మింగిన మందు ఈ జబ్బుకి పడదట. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. మెలకువగా ఉన్నా వేలు కదిలేది కాదు.

కోచ్ గారు వచ్చి నా మంచం పక్కన నిలబడ్డారు. "రోగాన్ని పట్టుకుని ఆట మీద మనసు లేదన్నానమ్మా," అన్నారు. జవాబు చెబుదామంటే నా గొంతులో గొట్టం ఉంది.

ఇప్పుడు పోటీలు ఆడటం లేదు. ఉదయం గంటసేపు కుర్చీలో కూర్చుని పిల్లలకి ఆట నేర్పుతాను. మాత్రలు టైముకి పడాలి. "తగ్గిందంటే పోయినట్టు కాదండి," అని డాక్టరు గారు ప్రతిసారీ గుర్తు చేస్తారు. జలుబు చేసినా భయమే.

ఈ జబ్బున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీకు పడని మందుల పేర్లు డాక్టరుతో రాయించుకుని దగ్గర ఉంచుకోండి. పంటి నొప్పికైనా సరే, కొత్త మాత్ర మింగేముందు అది ఇచ్చేవాళ్లకి ఆ కాగితం చూపించండి. ఆ జ్వరం రోజున నేను మాత్ర పేరు కూడా చదవలేదు.