లైన్స్‌మన్ జ్ఞానశేఖర్ ఫైనల్‌కి వెళ్లిన రోజు

మా కంపెనీ గేటు దగ్గర ఒక రూలుంది. తర్వాతి షిఫ్టువాడు వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాకా డ్యూటీలో ఉన్న గార్డు గేటు వదలకూడదు. మేమెవ్వరం దాన్ని పట్టించుకోం. వచ్చేవాడు ఫోన్ చేసి దారిలో ఉన్నానంటే చాలు, పోయేవాడు వాడి సంతకం కూడా తనే గీకేసి బస్సెక్కేస్తాడు. పట్టించుకునేది ఒక్కడే, జ్ఞానశేఖర్ మాస్టారు.

మాస్టారంటే బడిపంతులేం కాదు, మా వైపు పెద్దవాళ్లని అలాగే పిలుస్తాం. వయసు నలభై తొమ్మిది. గోపాలపట్నంలో ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. ఆరు రోజులు అచ్యుతాపురంలో మాతో గేటు కాస్తాడు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్తాడు, సాయంత్రం ఫుట్‌బాల్ రెఫరీ. పాతికేళ్లుగా అదే పని. కాలనీ జట్లు, కాలేజీ జట్లు, ఎవరు పిలిస్తే వాళ్ల మ్యాచ్‌కి విజిల్ పట్టుకుని పోతాడు. ఓడినవాళ్లు తిడతారు. గెలిచినవాళ్లు ఆయన్ని అక్కడే వదిలేసి బిర్యానీ తినడానికి పోతారు.

పెళ్లయిన కొత్తలో చర్చివాళ్ల క్రిస్మస్ కప్పుకి రెఫరీగా ఉండి, సొంత బావమరిది రిచర్డ్‌కి ఎర్ర కార్డు చూపించి బయటికి పంపేశాడు. రిచర్డ్ జట్టు ఓడిపోయింది. ఆ రోజుతో అత్తవారి వైపు మాటలు బంద్. ఆరేళ్ల క్రితం భార్య ఫ్లోరెన్స్ పోయినప్పుడు రిచర్డ్ వచ్చాడు, గుప్పెడు మట్టి వేశాడు, ఈయన మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"సూడనట్టు ఊరుకుంటే ఏటి పోయింది మాస్టారూ? సొంత బావమరిదే కదా."

"సూసేసినాను కదరా," అన్నాడు.

మొన్న వేసవిలో ఆయన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. రాష్ట్ర క్లబ్బుల ఫైనల్. విశాఖ జట్టుకీ అనంతపురం జట్టుకీ మ్యాచ్. శనివారం నాలుగున్నరకి, సిటీలో స్టేడియంలో. గీత పక్కన జెండా పట్టుకునే లైన్స్‌మన్‌గా ఈయన పేరు. మూడు గంటలకల్లా హాజరు కావాలి, దాటితే రిజర్వులో ఉన్నవాళ్లని తీసుకుంటారు. పాతికేళ్లలో ఆయనకి ఒక్క ఫైనలూ రాలేదు. నవంబర్‌లో యాభై నిండితే రెఫరీల జాబితాలోంచి పేరే తీసేస్తారట. అంటే ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. ఆ మెసేజ్ నాకు మూడుసార్లు చూపించాడు.

"ఇంకెవరికైనా సెప్పారా?"

"నీకు సెప్పినాను కదా."

శనివారం ఆయన డ్యూటీ మధ్యాహ్నం రెండు దాకా. తర్వాత నాది. "పన్నెండుకి రాగలవా నరేషూ?" అని అడిగాడు. రెండేళ్లలో ఆయన నన్ను అడిగిన సాయం అదొక్కటే.

"పన్నెండేటి మాస్టారూ, పదకొండున్నరకే దిగిపోతాను."

పడుకున్నాను. చెప్పడానికి ఇంకేం లేదు. పదకొండుకి మెలకువ వచ్చింది, ఇంకా టైముందిలే అని మళ్లీ ముసుగు తన్నాను. లేచేసరికి పన్నెండూ నలభై. మాస్టారివి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఫోన్ చేశాను.

"మాస్టారూ, వచ్చేత్తన్నాను! మీరెల్లిపోండి. నా సంతకం మీరే ఎట్టీండి."

"నువ్వు రా. బండి మాత్రం మెల్లిగా తోలు."

అప్పటికే సూపర్‌వైజర్ రమణమూర్తి కూడా ఆయనకి చెప్పి చూశాడు. "ఎల్లిపోవయ్యా, గేటేమీ పారిపోదు, నాను సూసుకుంటాను." మాస్టారు కదల్లేదు. లోపల లారీలు లోడింగ్ అవుతున్నాయి. రమణమూర్తి గేటు దగ్గర ఐదు నిమిషాలు కూడా నిలబడడని ఆయనకి తెలుసు.

నేను చేరేసరికి ఒంటి గంటా పది. మాస్టారు భుజాన బ్యాగు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇంకా గార్డు నీలం చొక్కానే. రిజిస్టర్ తెరిచి ఉంది, దాని మీద పెన్ను. నేను సంతకం చేసి పక్కన 12.00 అని వేశాను. ఆయన పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసి 1.10 అని రాశాడు. అప్పుడు బస్సు కోసం పరిగెత్తాడు. నా బండి ఇద్దామంటే ఆయనకి తోలడం రాదు.

మిగతా సంగతులు తర్వాత ఆయన నోట్లోంచి ఒక్కొక్కటీ లాగినవే. గాజువాక దాకా నిలబడే వెళ్లాడు. కూర్మన్నపాలెం దగ్గర ట్రైలర్ ఒకటి అడ్డంగా ఆగిపోయి పావుగంట తినేసింది. గాజువాకలో బస్సు మారాడు. ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర మళ్లీ ఆగింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఆటో ఎక్కాడు. స్టేడియం గేటు దగ్గర జనం, బూరలు, జెండాలు. ఆ చొక్కా చూసి ఎవడో "అన్నా, వీఐపీ గేటెటు?" అని ఈయన్నే అడిగాడు. ఆగి దారి చెప్పి మరీ లోపలికి పరిగెత్తాడు.

అధికారుల గదిలో గోడ గడియారం మూడూ పన్నెండు చూపిస్తోంది. రిజర్వు లైన్స్‌మన్ స్థానంలో ఉన్నది ధనశ్రీ, ఉక్కునగరంలో పిల్లలకి ఆటలు నేర్పే అమ్మాయి. అప్పటికే డ్రెస్ వేసుకుని కూర్చుంది. మ్యాచ్ బాధ్యత చూసే గురునాథరావు గారు ఈయన్ని చూసి నవ్వారు.

"రండి శేఖర్ గారూ, పన్నెండు నిమిషాలే కదా, కొంపలేం మునిగిపోలేదు. పేర్ల షీటు ఇంకా పంపలేదు. గబగబా డ్రెస్ మార్చుకోండి."

ధనశ్రీ కూడా లేచింది. "మీరే చెయ్యండి సార్. నాకింకా బోలెడు మ్యాచ్‌లుంటాయి."

మాస్టారు గడియారం వైపు చూశాడు. "మూడు దాటితే రిజర్వు అని రాసినారు కదండీ. ఆయమ్మ పేరే పంపించండి."

"రాసినోణ్ణి నేనే రమ్మంటున్నాను, వద్దంటున్నది మీరు. ఏం మనిషండీ మీరు?"

మాస్టారు ధనశ్రీ వైపు తిరిగి, "ఎండ ఎదురుగా కొడతాది. బంతిని కాదు, డిఫెండర్ల కాళ్లు సూడు," అన్నాడు. బ్యాగు పట్టుకుని మెట్లెక్కి గ్యాలరీలోకి పోయాడు.

ఇదంతా తెలియక నేను ఇక్కడ గేటు దగ్గర ఫోన్‌లో లైవ్ పెట్టుకుని లైన్ పక్కన ఆయన కోసం వెతుకుతున్నాను. రెండు వైపులా చూశాను. ఒక వైపు ఎవరో మగాడు, ఇంకో వైపు ఒకమ్మాయి. మాస్టారు లేడు.

ఆట చివరికొచ్చేసరికి ఒకటి ఒకటి. ఎనభై మూడో నిమిషంలో మనవాళ్లు గోల్ కొట్టారు. స్టేడియం ఊగిపోయింది. ధనశ్రీ జెండా ఎత్తి నిలబడింది. ఆఫ్‌సైడ్, పాస్ ఇచ్చేలోపే మనవాడు డిఫెండర్లని దాటేశాడని. గోల్ లేదు. ఇక జనం ఆ అమ్మాయిని అనని మాట లేదు. కెమెరా గ్యాలరీ మీదికి తిరిగింది. అందరూ చేతులూపుతూ అరుస్తున్నారు. ఆ మధ్యలో ఒక నీలం చొక్కా లేచి నిలబడి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తింది.

"ఆఫ్‌సైడే! ఆయమ్మ కరెక్టే!" అని అరిచాడట. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా.

"నువ్వెవడివి బే? వాచ్‌మన్ గాడివి, ఎల్లి గేటు కాసుకో!"

"అనంతపురమోళ్లు ఎంతిచ్చార్రా నీకు?"

నీళ్ల ప్యాకెట్ ఒకటి వచ్చి భుజం మీద పగిలింది. అది నేను కళ్లారా చూశాను. ఆయన చెయ్యి దించలేదు. కెమెరా మళ్లీ ఆట మీదికి పోయింది. పెనాల్టీల్లో అనంతపురం గెలిచింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు.

సోమవారం రెండింటికి డ్యూటీకి వెళ్లాను. మాస్టారు మామూలుగానే ఉన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"తప్పయిపోయింది మాస్టారూ."

"బాగా పరిగెట్టింది ఆ పిల్ల," అన్నాడు.

"ఫోన్‌లో మిమ్మల్ని సూసినాను. అంతమంది తిడతంటే కూర్సోవచ్చు కదా!"

"కూర్సుంటే లైన్ కనపడదురా."

బ్యాగులోంచి ఫైనల్ కోసం ముందే ఇచ్చిన కొత్త డ్రెస్ ప్యాకెట్ కనిపిస్తోంది. మడత కూడా విప్పలేదు. స్టేడియంలో తిరిగి ఇచ్చేయాలట, ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాడట. రమణమూర్తికి చెప్పి నా బండి మీద దింపుతానన్నాను.

"నీకు డ్యూటీ ఉంది," అని రిజిస్టర్ నా వైపు తిప్పి, బస్టాప్ కేసి నడిచాడు.